గేజు దూరితే సరిపోదు

ఏ షాపుకి వెళ్ళినా ఇప్పుడు వినపడే మాట ఒకటే. "గో దిగింది, నోగో ఆగింది, ఇంకేం కావాలి సార్?" మెషిన్ల మధ్యే వయసంతా గడిపినవాణ్ణి, ఆ మాట చెవిన పడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంకా చాలా కావాలి. బెజ్జం పైనుంచి కిందిదాకా ఒకే కొలత ఉందా? మూతి దగ్గర బాకాలా తెరుచుకుందా? గోడ నున్నగా ఉందా, గీతలు పడిందా? నిలువుగా ఉందా, ఒరిగిందా? ఇవేవీ ఒక కొస గో, రెండో కొస నోగో ఉండే ప్లగ్ గేజు చెప్పదు. అది చెప్పేది ఒక్కటే: బెజ్జంలో అన్నిటికన్నా ఇరుకైన చోటు గో కొలతకి తగ్గలేదని, నోగో కొస పట్టేంత వెడల్పు మూతి దగ్గర లేదని. లోపల ఏం జరిగిందో చూడాల్సింది మనిషి.

మా రోజుల్లో ఆ మనిషి ఉండేవాడు. నా కోపమంతా ఆ మనిషిని మనం తయారుచేయడం మానేసినందుకే.

ఈ పని తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. డ్రిల్లు ముతక పనిముట్టు. దానికి రెండే అంచులు. ఆ రెండూ రవ్వంత తేడాగా అరిగినా బెజ్జం డ్రిల్లు కన్నా పెద్దదవుతుంది, పక్కకి జరుగుతుంది, ఒక్కోసారి మూడు మూలలు కూడా తేలుతుంది. పన్నెండు మిల్లీమీటర్ల పిన్ను ఊగకుండా, బిగుసుకోకుండా కూర్చోవాలంటే డ్రిల్లు బెజ్జం పనికిరాదు. డ్రాయింగులో 12 హెచ్7 అని రాసి ఉంటుంది. అంటే బెజ్జం 12.000కి తగ్గకూడదు, 12.018కి మించకూడదు. ఆ 18 మైక్రాన్ల సందులో పని పూర్తిచేసే పనిముట్టు రీమరు. దానికి ఆరో ఎనిమిదో పళ్ళుంటాయి. డ్రిల్లు వదిలిన పలచని పొరను అవన్నీ కలిసి తీస్తాయి. ఆ పళ్ళను సమాన దూరాల్లో పెట్టరని చాలామందికి తెలియదు. సమానంగా పెడితే ప్రతి పన్నూ ముందు పన్ను గుద్దిన చోటే గుద్దుతుంది, రీమరు వణుకుతుంది, బెజ్జం గోడ మీద మెట్లు లేస్తాయి. అందుకే దూరాలు కొంచెం కొంచెం మారుస్తారు. అయినా ఎదురెదురు పళ్ళను మాత్రం సరిగ్గా ఒకదానికొకటి అభిముఖంగానే ఉంచుతారు, మైక్రోమీటరుతో కొలవడానికి వీలుగా. ఇంత ఆలోచించి చేసిన పనిముట్టు అది.

రీమరు గురించి తెలుసుకోవలసిన మొదటి సంగతి అది వంకరను దిద్దదని. కాలవ ఎటు తవ్వితే నీళ్ళు అటు పోయినట్టు, డ్రిల్లు ఎటు పోతే రీమరూ అటే పోతుంది. బెజ్జం పక్కకి జరిగితే ఆ జరిగిన చోటే నున్నగా చేస్తుంది. ఒరిగితే ఒరిగినట్టే నున్నగా చేస్తుంది. చోటు ముఖ్యమైతే డ్రిల్లుకీ రీమరుకీ మధ్య బోరింగ్ చెయ్యాలి. బోరింగ్ టూలు ఒంటి అంచుతో, స్పిండిల్ చెప్పిన దారిలో నడుస్తుంది. పాత బెజ్జం మాట వినదు. ఈ ఒక్క సంగతి ఇప్పటి షాపుల్లో ఎందరికి తెలుసని నేను అడుగుతూనే ఉంటాను. వచ్చే జవాబు "ప్రోగ్రాంలో ఉంది సార్".

నేను పని నేర్చుకున్న కాలంలో హైదరాబాదులో యంత్రాల పని అంటే ఒక గౌరవం. కవాడిగూడలో ప్రాగా టూల్స్ 1943 నుంచీ ఉండేది. సనత్‌నగర్‌లో ఆల్విన్, రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, బాలానగర్‌లో వరసగా షెడ్లు. అదే బాలానగర్‌లో 1968లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సాయంతో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వచ్చింది. జిగ్గులు, ఫిక్స్చర్లు, ప్రెస్ టూళ్ళు చేసే చదువు మన ఊరికే వచ్చిందని మేమంతా పొంగిపోయాం. చదువు అక్కడ ఉండేది, చెయ్యి మా ఉస్తాద్ దగ్గర ఉండేది. హైదరాబాదు షాపుల్లో పెద్ద పనివాణ్ణి ఉస్తాద్ అనే పిలిచేవాళ్ళం. ఆయన ఏ కులం, ఏ మతం అన్నది ఎవరికీ పట్టేది కాదు.

ఉస్తాద్ కుర్రాడికి మొదటి రోజే రీమరు ఇచ్చేవాడు కాదు. ముందు డ్రిల్లుకి సాన పట్టడం రావాలి. గ్రైండింగ్ వీలు దగ్గర నిలబడి 118 డిగ్రీల కోణం, రెండు పెదాలూ ఒకే పొడవు, వెనక వాలు సరిపడా, ఇవన్నీ చేత్తో తేవాలి. ఆ డ్రిల్లుతో ఇనుప పలకలో బెజ్జం వేస్తే రెండు గాడుల నుంచీ రజను సమానంగా చుట్టలుగా రావాలి. ఒక గాడి నుంచే వస్తే సాన తప్పినట్టు. ఆ పరీక్ష దాటాకే రీమరు.

తర్వాత వరస. 12కి రీమరు వెయ్యాలంటే సెంటర్ పంచ్, సెంటర్ డ్రిల్లు, సన్న డ్రిల్లు, ఆ పైన 11, చివర 11.7 లేదా 11.8. రీమరుకి మిగల్చాల్సింది మిల్లీమీటరులో రెండు మూడు పదో వంతులు. ఇక్కడే ఇప్పటివాళ్ళు రెండు వైపులా తప్పుతున్నారు. కొందరు టూలు మార్చే సమయం మిగులుతుందని 11.5 డ్రిల్లుతో నేరుగా రీమరుకి వెళ్తున్నారు. రీమరు మీద భారం పడుతుంది, గాడుల్లో రజను కూరుకుపోతుంది, గోడ చీరుకుపోతుంది. ఇంకొందరు రీమరు ఎక్కువకాలం మన్నుతుందని 11.95 దాకా డ్రిల్లుతోనే తీసేస్తున్నారు. అది ఇంకా చెడ్డ పని. కొయ్యడానికి సరిపడా లోహం లేకపోతే పన్ను కొయ్యదు, రాస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు అయితే ఆ రాపిడికి పైపొర గట్టిపడిపోతుంది. ఆ తర్వాత ఏ రీమరు వేసినా పళ్ళు మొండిబారడమే.

వేగం కూడా అంతే. మైల్డ్ స్టీలులో 12 డ్రిల్లుని నిమిషానికి 700 చుట్లు తిప్పితే అదే సైజు హైస్పీడ్ స్టీలు రీమరుని 250 దగ్గర తిప్పాలి. చుట్టుకి ఫీడు మాత్రం డ్రిల్లు కన్నా రెట్టింపు ఇవ్వాలి. నిదానంగా తిరుగుతూ చకచకా దిగాలి. దీన్ని తిరగేసి, గబగబా తిప్పుతూ భయంభయంగా దించేవాళ్ళను ఇప్పుడు రోజూ చూస్తున్నాను. రీమరు అరుస్తుంది. ఆ అరుపు వినే చెవి లేదు, మెషిన్ తలుపు మూసి ఉంటుంది, కుర్రాడు ఫోనులో ఉంటాడు. మా ఉస్తాద్ షాపు ఆ మూల నుంచి ఈ మూలకి వినేవాడు. "ఎవర్రా అది, రీమరు ఏడుస్తోంది" అనేవాడు. వెళ్ళి చూస్తే నూనె చాలకనో, జాబు, అంటే బిగించిన ముక్క, కదిలో, పన్ను విరిగో ఉండేది.

చేత్తో రీమరు వేసే పని దాదాపు పోయిందనే చెప్పాలి. హ్యాండ్ రీమరు మూతి కొంత పొడవున సన్నగా వాలి ఉంటుంది, బెజ్జంలో తనంతట తాను కుదురుకోవడానికి. తలకాయ చదరంగా ఉంటుంది, ట్యాప్ రెంచ్ పట్టడానికి. జాబుని వైస్‌లో బిగించి, రైట్ యాంగిల్ పెట్టి రెండు వైపులా చూసుకుని, రెండు చేతులా సమంగా తిప్పుతూ దించాలి. దిగేటప్పుడూ బయటికి తీసేటప్పుడూ ఒకే దిక్కుకి తిప్పాలి. వెనక్కి తిప్పితే రజను పన్ను వీపుకీ గోడకీ మధ్య ఇరుక్కుంటుంది. పన్ను అంచు రాలుతుంది, గోడ మీద నిలువునా గీత పడుతుంది. ఆ గీత ఇక పోదు. మరలు కోసే ట్యాపుని వెనక్కి తిప్పి రజను విరిచినట్టు రీమరునీ తిప్పే కుర్రాళ్ళను చూస్తే గుండె కలుక్కుమంటుంది. రెండు పనులూ ఒకటి కాదని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

లోహాన్ని బట్టి నూనె. పోత ఇనుమైతే పొడిగానే వేసేవాళ్ళం. దాని పొడి నూనెతో కలిస్తే ముద్దయి రుద్దుతుంది. అల్యూమినియానికి కిరసనాయిలు, లేకపోతే లోహం పన్నుకి అతుక్కుని బెజ్జాన్ని పెద్దది చేస్తుంది. ఉక్కుకి కటింగ్ ఆయిల్. ఇప్పుడు అన్నిటికీ ట్యాంకులో ఉన్న ఒకే కూలెంటు. పోనీ, మంచి కూలెంటు చాలా పనులకి సరిపోతుంది, దాన్ని కాదనను. కానీ రీమరు పనికి అది పలచన కాకూడదు. నూటికి ఎనిమిది పది పాళ్ళైనా ఉండాలి. రోజూ తగ్గిన కూలెంటుకి బదులు ఒట్టి నీళ్ళు పోస్తూ పోతే నెలకి అది రంగునీళ్ళే. కొలిచే రిఫ్రాక్టోమీటరు సూపర్‌వైజరు సొరుగులో అట్టపెట్టెతో సహా కొత్తగా ఉంటుంది.

రీమర్లను చూసుకునే తీరు మరీ బాధ. పనిముట్లు దాచే మా టూల్ క్రిబ్‌లో ఇత్తడి బిళ్ళ ఇస్తేనే రీమరు ఇచ్చేవాళ్ళు. చెక్క బల్లకి సైజు ప్రకారం బెజ్జాలు, ఒక్కో రీమరు ఒక్కో దాంట్లో, ఒంటికి నూనె రాసి. అడిసన్‌దో, డాగర్ బ్రాండుదో కొత్త రీమరు వస్తే మైక్రోమీటరుతో కొలిచి కొలత కార్డు మీద రాసేవాళ్ళు. కొత్త హెచ్7 రీమరుని కంపెనీ టాలరెన్సులో పైఅంచుకి దగ్గరగా చేస్తుంది, అరుగుదలకి చోటు ఉండాలని. అరిగి కింది అంచుకి వచ్చాక దాన్ని పారేసేవాళ్ళం కాదు. పలకలను కదలకుండా నిలిపే డోవెల్ పిన్ను బిగువుగా దిగాల్సిన బెజ్జాలకి విడిగా ఉంచేవాళ్ళం. మొద్దుబారితే ప్రాగా టూల్ అండ్ కట్టర్ గ్రైండరు మీద ముందరి చాంఫరుకి మాత్రమే సాన పట్టేవాళ్ళు. మెషిన్ రీమరు కోసేది ఆ 45 డిగ్రీల మూతితోనే. వెనకున్న పొడవంతా దారి చూపడానికీ, నున్నన చేయడానికీ. ఆ పొడవు మీద వీలు ఆనించారా, సైజు పోయినట్టే. ఇప్పుడు రీమర్లు సొరుగులో ఎండ్ మిల్లులతో, పాత ఇన్సర్టులతో కలిసి దొర్లుతున్నాయి. ఒక్క పన్ను మీద చిన్న నొక్కు పడితే ప్రతి జాబులోనూ ఒక గీత. ఆ గీత ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియక కూలెంటుని తిడతారు, మెటీరియల్‌ని తిడతారు.

కొత్త మెషిన్లను తిట్టడం నా పని కాదు. బెజ్జం చోటు కుదర్చడానికి మేము పడిన యాతన నాకు గుర్తుంది. టూల్‌మేకర్స్ బటన్లు బిగించి, స్లిప్ గేజులు పెట్టి, డయల్‌తో చూసుకుంటూ ఒక్క బెజ్జానికి పూటంతా పట్టేది. ఈనాటి వీఎంసీ (వర్టికల్ మెషినింగ్ సెంటర్) నిమిషంలో మైక్రాన్లలో చోటు పడుతుంది. కార్బైడ్ రీమరు, దాని కడుపులోంచి వచ్చే కూలెంటు, ఇవి మాకు ఉండి ఉంటే ఉస్తాద్ కళ్ళకద్దుకునేవాడు. మంచిదాన్ని మంచిదని ఒప్పుకోవాలి. నేను అడిగేది, ఇంత మంచి యంత్రం మీద పెట్టిన బెజ్జం గుండ్రంగా ఎందుకు రావడం లేదని.

ఎందుకంటే చాలా షాపుల్లో రీమరే వాడటం లేదు. రీమరు కొనడం ఖర్చు, సైజుకొకటి కావాలి. అందుకని ఒకే ఎండ్ మిల్లుని గుండ్రంగా తిప్పి కావలసిన సైజు తెస్తున్నారు. ముతక పనికి అది బ్రహ్మాండం. కానీ హెచ్7 పనికి కాదు. టేబుల్ దిక్కు మారే ప్రతిచోటా, అంటే చుట్టుకి నాలుగు చోట్ల, చిన్న మెట్టు పడుతుంది. సన్నని ఎండ్ మిల్లు లోతుకి పోయేకొద్దీ వంగుతుంది కాబట్టి బెజ్జం అడుగున ఇరుకవుతుంది. గో దూరేదాకా ఆఫ్‌సెట్ పెంచుతూ పోతారు. చివరికి గేజు దూరుతుంది. పైన వదులు, అడుగున పట్టు. రీమరు వేసినచోట కూడా వణుకు పుడితే అయిదు మూలలో ఏడు మూలలో తేలుతాయి. అలాంటి బెజ్జాన్ని రెండు చోట్ల ఆనే బోర్ గేజుతో ఎటు తిప్పి కొలిచినా ఒకే కొలత వస్తుంది. మూలలు బేసి సంఖ్యలో ఉన్నాయి గనక. మూడు చోట్ల ఆనేది పెట్టినా అన్ని లెక్కలూ దొరకవు. లైటు పెట్టి గోడ చూడాలి, వేలు పెట్టి తడమాలి.

దీనివల్ల ఏమవుతుందంటారా? ప్రెస్ టూలు సంగతి చూడండి. మిల్లీమీటరు మందం ఇనుప రేకు కొయ్యడానికి పంచ్‌కీ డైకీ మధ్య ఒక్కో పక్క దాదాపు 0.05 సందు ఇస్తారు. పంచ్, డై ఎదురెదురుగా నిలబడేది డోవెల్ పిన్నుల ఆధారంతో. ఆ డోవెల్ బెజ్జంలో 0.02 ఊగులాట ఉంటే ఇచ్చిన సందులో సగానికి దగ్గరగా అదే మింగేస్తుంది. రేకుకి ఒక పక్క బర్ లేస్తుంది, పంచ్ అంచు ఒక పక్కే తింటుంది, సాన మీద సాన. మా రోజుల్లో పలకలన్నీ ముందు బోల్టులతో బిగించి, కొలతలు కుదిరాయని నమ్మాకే, రెండు పలకలనూ కలిపి ఒకేసారి డ్రిల్లు వేసి, కలిపే రీమరు వేసేవాళ్ళం. పిన్ను చేత్తో మూడొంతులు దిగి, చివర ఇత్తడి సుత్తితో రెండు దెబ్బలకి కూర్చునేది. ఏళ్ళ తర్వాత విప్పి బిగించినా అదే చోటు. ఇప్పుడు డోవెల్ బెజ్జాలు విడివిడిగా వేసి, కుదరకపోతే ఎమరీ పేపరు చుట్టిన పుల్లతో రుద్దుతున్నారు. రుద్దిన చోట పిన్ను రెండు మూడు చోట్ల తగిలి ఊరుకుంటుంది. ప్రెస్ దెబ్బకి అది వదులవడానికి వారం పట్టదు.

వేడి సంగతి ఇంకొకటి. కొలతలన్నీ 20 డిగ్రీల దగ్గర నిజమని ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. మన మే నెలలో షెడ్డులో 40 దాటుతుంది. 25 మిల్లీమీటర్ల అల్యూమినియం బెజ్జం, రీమరు వేడితో గేజు కన్నా 30 డిగ్రీలు ఎక్కువ ఉంటే, దాదాపు 17 మైక్రాన్లు పెద్దదిగా కనిపిస్తుంది. ఆ సైజుకి హెచ్7 సందు మొత్తం 21 మైక్రాన్లే. వేడిగా ఉండగా గో సుఖంగా దిగుతుంది, చల్లారాక దిగదు. జాబుని గేజు పక్కన గ్రానైట్ బండ మీద చల్లారనిచ్చి కొలవమంటే "సైకిల్ టైమ్ సార్" అంటారు. వెనక్కి వచ్చిన లాటుకి మళ్ళీ చేసే సైకిల్ టైమ్ ఎవరు లెక్కేస్తారు?

విజయవాడ ఆటోనగర్‌లో ఇదే కథ లారీల దగ్గర చూశాను. ముందు చక్రం తిరిగే చోట కింగ్ పిన్ను, దానికి పైనా కిందా కంచు బుష్షులు. బుష్షుని కొట్టి ఎక్కించగానే అది లోపలికి ఇరుకవుతుంది. అందుకే ఎక్కించాక రీమరు వెయ్యాలి. అదీ రెండు బుష్షులనూ ఒకే గీతలో, పొడవాటి రీమరుతో, ఒక బుష్షు దారి చూపుతుండగా రెండోదాన్ని కోస్తూ. పాత మేస్త్రీలు పిన్నుకి నూనె రాసి, బొటనవేలితో నొక్కితే దిగేలా చేసేవారు. ఇప్పుడు బుష్షు కొట్టడం, పిన్ను దిగకపోతే పుల్లతో రుద్దడం. స్టీరింగు బరువెక్కుతుంది, బుష్షు నెలల్లో అరుగుతుంది. ఆ లారీ నడిపేది ఒక మనిషి. ఘాటు రోడ్డు మీద ఆ స్టీరింగు అతని చేతుల్లో ఉంటుంది.

కుర్రాళ్ళను నేను నిందించను. వాళ్ళు చురుకైనవాళ్ళు. మా తరానికి నెల పట్టిన కంట్రోల్ ప్యానెల్ వాళ్ళకి రెండు రోజులు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు రెండేళ్ళు చదివి వచ్చినవాణ్ణి నేరుగా మెషిన్ ముందు నిలబెట్టి, జాబు ఎక్కించు, బటను నొక్కు, దించు అంటే వాడు ఏం నేర్చుకుంటాడు? అప్రెంటిస్‌ల చట్టం 1961లో వచ్చింది, పని నేర్పమని. నేను చూసిన చాలా చోట్ల అప్రెంటిస్ అంటే తక్కువ జీతానికి దొరికే లోడరు. పని ఇచ్చే పెద్ద కంపెనీలు ఏటా రేటు తగ్గించమంటాయి. షాపు యజమాని ఆ తగ్గింపు ఎక్కడో తేవాలి. ముందుగా కోసేది నేర్పే సమయాన్నే. ఆయన ఇబ్బంది నాకు అర్థమవుతుంది, ఆయన లెక్క మాత్రం తప్పు. విరిగిన కార్బైడ్ రీమర్ల ఖర్చూ, తిరస్కరించిన లాట్ల ఖర్చూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసి చూసుకోమని ఎన్ని చోట్ల చెప్పానో.

షాపులు నడిపే తమ్ముళ్ళకి నా మనవి ఇది. మీ దగ్గరికి వచ్చే ప్రతి కొత్త కుర్రాణ్ణీ సీఎన్‌సీ ఎక్కించే ముందు ఒక నెల మామూలు డ్రిల్లింగ్ మెషిన్ దగ్గర ఉంచండి. పోత ఇనుము, మైల్డ్ స్టీలు, అల్యూమినియం స్క్రాపు ముక్కలు ఇవ్వండి. సాన వాడి చేతే పట్టించండి. 12 రీమరు ఒకటి, హ్యాండ్ రీమరు ఒకటి, గో-నోగో గేజు, బోర్ గేజు, ఒక టార్చి లైటు ఇవ్వండి. వేసిన బెజ్జాన్ని నిలువుగా రెండుగా కోయించి లోపలి గోడ వాడికే చూపించండి. షాపులో రిటైరవబోతున్న పాత ఫిట్టరు ఎవరైనా ఉంటే ఆ నెలంతా ఆయన్ని పక్కన కూర్చోబెట్టండి, జీతం ఇచ్చి కూర్చోబెట్టండి. అలాంటివాళ్ళు బాలానగర్‌లో, జీడిమెట్లలో, కుషాయిగూడలో ఇంకా ఉన్నారు. పిలిస్తే వస్తారు.